సిలికాన్ ఇంప్లాంటు: అయిదో ఏడు దాటాక రాయాల్సిన రివ్యూ

రొమ్ము ఇంప్లాంట్ల మీద దొరికే రివ్యూలు చాలావరకు మూడో నెలలో రాసినవే. అప్పటికి వాపు దిగుతుంది, కుట్లు మానతాయి, అద్దం ముందు నిలబడితే ముచ్చటేస్తుంది, అయిదుకి అయిదు చుక్కలు పడిపోతాయి. షోరూం నుంచి బండి ఇంటికి తెచ్చిన సాయంత్రమే ఇంజను మన్నిక గురించి రాసినట్టుంటుంది అది. ఈ వస్తువు ఒంట్లో పదేళ్లు, పదిహేనేళ్లు, కొందరిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అందుకే ఇక్కడ అందం గురించి రెండే ముక్కలు. మిగతాదంతా గట్టిపడటం, చిరగడం, స్కానింగు, వారంటీ, చివర్లో తీయించేటప్పటి తంతు.

పరిశీలనకి తీసుకున్నది ఈమధ్య ఎక్కువగా పెడుతున్న రకం: గుండ్రంగా, పైపొర నున్నగా ఉండే కోహెసివ్ సిలికాన్ జెల్ ఇంప్లాంటు, 300 సీసీ సైజు. గరుకు పొర ఉన్నవీ, ఉప్పునీటివీ పోలిక కోసం మధ్యలో వస్తాయి. తాకితే మెత్తగా, సహజంగా ఉంటుంది. కత్తితో కోసినా పాత తరం జెల్‌లా కారిపోదు, జున్నుముక్కలా ఉంటుంది. 1962లో హ్యూస్టన్‌లో మొదటిసారి పెట్టినవాటితో పోలిస్తే వస్తువు చాలా మెరుగుపడిందనే చెప్పాలి. స్పర్శకి అయిదులో నాలుగు ఇవ్వొచ్చు. ఒక్క మార్కు ఎందుకు తగ్గిందంటే, సన్నగా ఉన్నవాళ్లలో ముందుకి వంగినప్పుడు పక్కన అలల్లా ముడతలు తగులుతాయి. కండరం కింద పెట్టినవాళ్లలో బరువులెత్తినా, చేతులు గట్టిగా అదిమినా రొమ్ము పక్కకి కదులుతుంది. రెండూ ప్రమాదం కాదు, ముందే చెప్పకపోవడమే తప్పు. బరువు ఒక్కోటి దాదాపు 300 గ్రాములు. రెండూ కలిపి అరకిలో పైమాటే, పగలూ రాత్రీ మోయాలి.

ఇక అసలు సంగతి, పెట్టెలో వస్తువుతో పాటు వచ్చే స్టిక్కరు. అంటించుకునే చిన్న పట్టీ అది. కంపెనీ పేరు, రెఫ్ అని మోడల్ నంబరు, లాట్ నంబరు, ఎస్ఎన్ అని సీరియల్ నంబరు, సీసీల్లో పరిమాణం ఉంటాయి. పక్కన ఇసుక గడియారం బొమ్మ, దానికి ఆనుకుని ఒక తేదీ. ఆ తేదీ చూసి ఇంప్లాంటు ఎక్స్‌పైరీ దగ్గరపడిందని కంగారు పడనక్కర్లేదు. పెట్టెలో స్టెరైల్‌గా ఉండే గడువు అది. ఆలోపు ఆపరేషన్‌లో వాడేయాలని అర్థం. ఒంట్లో ఎన్నాళ్లుంటుందన్న లెక్క దాని మీద ఉండదు. వంటింట్లో గ్యాస్ సిలిండర్ మీదైనా పరీక్ష గడువు రాసి ఉంటుంది, దీని మీద ఆ మాత్రం కూడా లేదు.

ఆ లెక్క వేరేచోట ఉంది. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండే వస్తువులు కావని, మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ముందునుంచీ అంటూనే ఉంది. సైజు కోసం పెట్టించుకున్నవాళ్లలో 8 నుంచి 10 ఏళ్లలోపు తీయించాల్సి వచ్చేవాళ్లు 20 శాతం దాకా ఉంటారనీ చెబుతుంది. అలాగని పదేళ్లు నిండగానే మార్చి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఇబ్బంది లేకపోతే, స్కానింగులో బాగుంటే ఉంచుకోవచ్చు. ఎటొచ్చీ చూపించుకుంటూ ఉండాలి. 2021 అక్టోబరులో మార్చిన సిఫారసు ప్రకారం సిలికాన్ జెల్ ఇంప్లాంట్లకి మొదటి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ 5 నుంచి 6 ఏళ్లకి, ఆ తర్వాత ప్రతి 2 నుంచి 3 ఏళ్లకి ఒకటి. అంతకుముందు మూడో ఏటే ఎంఆర్ఐ మొదలుపెట్టి, రెండేళ్లకోసారి తీయించమనేవారు. అంత ఖర్చు పెట్టి చేయించేవాళ్లు తక్కువ.

ఇప్పుడు దీన్ని మన ఆసుపత్రుల లెక్కతో కలిపి చూడండి. ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు. స్టిక్కరు సాధారణంగా కేస్‌షీట్‌లో అంటించి ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం చాలాసార్లు రెండువైపులా సిలికాన్ ఇంప్లాంట్లు అమర్చామన్న ఒక్క వాక్యమే. అంటే మీ మొదటి స్కానింగు సమయానికి, మీ ఒంట్లో ఏముందో చెప్పే కాగితం ఆసుపత్రిలో ఉండాలన్న పూచీ లేదు. డిశ్చార్జి రోజే కుడికి ఒకటి, ఎడమకి ఒకటి రెండు స్టిక్కర్లూ అడిగి తీసుకోండి. ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. అమెరికాలో ఈ వివరాలున్న పేషెంట్ కార్డు ఇవ్వడం తప్పనిసరి, ఇక్కడ అడగడం తప్పనిసరి.

ఆ నంబర్లు ఎందుకంటే, 2010లో ఫ్రాన్స్‌లో పీఐపీ కంపెనీ ఇంప్లాంట్లలో వైద్యానికి వాడకూడని పారిశ్రామిక సిలికాన్ నింపారని బయటపడింది. దాని వ్యవస్థాపకుడికి 2013లో జైలుశిక్ష పడింది. 2019 జులైలో అలెర్గాన్ కంపెనీ బయోసెల్ అనే గరుకు పొర ఇంప్లాంట్లని, అదే పొర ఉన్న టిష్యూ ఎక్స్‌పాండర్లని (ఇంప్లాంటుకి ముందు చర్మాన్ని సాగదీయడానికి కొన్నాళ్లు పెట్టే సంచులు) ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. రెండు సందర్భాల్లోనూ తమ లోపల ఉన్నది అదేనా కాదా అని తేల్చుకోగలిగింది స్టిక్కరో, ఆ నంబర్లున్న రికార్డో ఉన్నవాళ్లే. పైనుంచి తడిమి ఎంత గొప్ప సర్జనైనా బ్రాండు చెప్పలేడు. మోటివా కంపెనీ ఈ బాధ లేకుండా కొన్ని మోడళ్లలో చిన్న చిప్ పెట్టింది, చేతి స్కానరు దగ్గర పెడితే సీరియల్ నంబరు చూపిస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఎంఆర్ఐలో ఆ చిప్ చుట్టూ నల్లటి ఖాళీ వస్తుంది, ఆ కాస్త మేర ఏమీ కనిపించదు. ఎంఆర్ఐ రూములోకి వెళ్లకముందే చిప్ ఉందని చెప్పాలి.

మన్నికలో మొదటి పరీక్ష గట్టిపడటం. బయటి వస్తువు ఏది పెట్టినా శరీరం దాని చుట్టూ పొర కడుతుంది, దాన్ని క్యాప్సూల్ అంటారు. కొందరిలో ఆ పొర మందమై, ముడుచుకుని, లోపలి సంచిని పిండుతుంది. బేకర్ స్కేల్ మీద నాలుగు మెట్లు. ఒకటి మెత్తగా మామూలుగా, రెండు కాస్త గట్టిగా తగిలినా చూపుకి తేడా లేకుండా, మూడు గట్టిగా ఉండి ఆకారం కూడా మారి, నాలుగు గట్టితనంతో పాటు నొప్పి. కారణాల్లో ముఖ్యమైనవి: ఇంప్లాంటు మీద జ్వరం, చీము లేకుండా అంటుకుని ఉండే బాక్టీరియా పొర, ఆపరేషన్ తర్వాత లోపల గడ్డకట్టిన రక్తం, చిరిగి బయటికొచ్చిన జెల్, అన్నిటికన్నా బలంగా రేడియేషన్. క్యాన్సర్ తర్వాత రేడియేషన్ తీసుకున్న వైపు గట్టిపడే అవకాశం స్పష్టంగా ఎక్కువ. ఇంప్లాంటా, పొట్ట కండ తీసి రొమ్ము కట్టడమా అని ఎంచుకునేటప్పుడు రేడియేషన్ ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

గట్టిపడటం రాత్రికి రాత్రి రాదు. చాలాసార్లు అద్దం కన్నా జాకెట్టు ముందు చెబుతుంది. ప్రిన్సెస్ కట్ గానీ కటోరీ గానీ, ఏడాది క్రితం సరిగ్గా పట్టిన ఆది జాకెట్టులో ఒకవైపు డాట్ మొన రొమ్ము మొన కిందికి జారినట్టు కనిపించి, అక్కడ బట్ట ముడత పడుతుంటే ఆ వైపు రొమ్ము పైకి జరిగిందని అర్థం. టైలరుని తిట్టే ముందు డాక్టరుకి చూపించాలి. ఈ లెక్క పనిచేయాలంటే ఆపరేషన్ ముందటి ఆదిని పక్కనపెట్టి, ఆరు నెలలకి వాపు పూర్తిగా తగ్గాక కొత్త ఆది కుట్టించుకోవాలి.

గట్టిపడ్డ రొమ్మును చేత్తో బలంగా నొక్కి లోపలి పొరని పగలగొట్టే పద్ధతి ఒకప్పుడు ఉండేది. తయారీదారులే వద్దంటున్నారు, సంచి చిరుగుతుంది. పార్లర్ మసాజుల్లో తెలియక ఇదే పని జరుగుతుంది. మూడు, నాలుగు మెట్ల దాకా వస్తే నమ్మకమైన దారి ఆపరేషనే. ఈ విషయంలో ఈ వస్తువుకి అయిదులో రెండున్నర.

రెండోది చిరగడం. ఉప్పునీటి ఇంప్లాంటు ఈ ఒక్క విషయంలో నిజాయితీ గలది. చిల్లు పడితే కొద్ది రోజుల్లోనే కుదించుకుపోతుంది, నీరు శరీరంలో కలిసిపోతుంది, ఏ స్కానింగూ అక్కర్లేదు. సిలికాన్ జెల్ అలా కాదు. చిరిగినా ఆకారం చెక్కుచెదరదు, నొప్పి ఉండదు, ఏళ్లు గడిచిపోతాయి. అందుకే 5, 6 ఏళ్లకి స్కానింగు.

చేయించేటప్పుడు చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. రొమ్ము అల్ట్రాసౌండ్ అని మాత్రమే రాయించుకుంటే రేడియాలజిస్టు గడ్డల కోసం చూసి పంపేస్తారు. చీటీ మీద ఇంప్లాంటు చిరిగిందేమో చూడాలని, ఏ సంవత్సరం పెట్టారో, కండరం పైనా కిందా అన్నది రాయించండి. చిరిగిన పైపొర జెల్‌లో మడతలుగా పడి ఉంటే అల్ట్రాసౌండ్‌లో నిచ్చెన మెట్లలా అడ్డగీతలు కనిపిస్తాయి. జెల్ క్యాప్సూల్ కూడా దాటితే తెరంతా తెల్లటి మంచు పడ్డట్టు. ఎంఆర్ఐలో అదే పొర గిన్నెలో నూడుల్స్ తేలుతున్నట్టు వంకర్లు తిరిగి కనిపిస్తుంది. అనుమానం తేల్చాల్సింది ఎంఆర్ఐనే. బుకింగ్ అప్పుడే మూడు అడగండి: రొమ్ము ఎంఆర్ఐకి వాడే ప్రత్యేక పరికరం బ్రెస్ట్ కాయిల్ ఉందా, బోర్లా పడుకోబెట్టి తీస్తారా, సిలికాన్‌ని విడిగా చూపించే సీక్వెన్సులు వేస్తారా. చిరుగు చూడటానికి మాత్రమే అయితే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అవసరం లేదు. క్యాన్సర్ కోసం అయితేనే అది కావాలి. తెలియక ఆ డబ్బు కట్టేవాళ్లు చాలామంది.

టిష్యూ ఎక్స్‌పాండరు ఇంకా లోపలే ఉన్నవాళ్ల సంగతి వేరు. చాలా ఎక్స్‌పాండర్లలో ఉప్పునీరు ఎక్కించే చోట అయస్కాంతం ఉంటుంది. స్టిక్కరు చూపించి ఎంఆర్ఐకి పనికొస్తుందని తేల్చకుండా ఆ గదిలోకి అడుగుపెట్టకూడదు.

చంకలో గడ్డ తగిలితే మన దగ్గర డాక్టర్లకి ముందు గుర్తొచ్చేది టీబీ, తర్వాత క్యాన్సర్. చిరిగిన ఇంప్లాంటు నుంచి కారిన సిలికాన్ కూడా చంక గ్రంథుల్లో చేరి వాటిని ఉబ్బిస్తుంది. ఏదో తేల్చడానికి సూది పరీక్ష చేస్తారు గనక, ఇంప్లాంటు ఉందని ముందే చెప్పండి. రొమ్ములో గానీ దగ్గర్లో గానీ సూది పెట్టాల్సి వస్తే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పెట్టమనండి. గుడ్డిగా గుచ్చితే బాగున్న సంచిని చిల్లు చేసుకున్నట్టే.

మామోగ్రాం పెద్దగా భయపడాల్సింది కాదు. టెక్నీషియన్‌కి చేతనవ్వాలంతే. ఇంప్లాంటుని ఛాతీ వైపు వెనక్కి నెట్టి, ముందున్న రొమ్ము కండని మాత్రం పలకల మధ్యకి లాగి తీసే పద్ధతి ఉంది, ఎక్‌లండ్ వ్యూ అంటారు. మామూలుగా నాలుగు ఫిల్ములైతే వీళ్లకి ఎనిమిది. ఆ మాట తెలియని సెంటరులో తీయించుకుంటే ఇంప్లాంటు నీడ వెనక దాక్కున్న గడ్డ కనిపించకుండా పోతుంది. చిరుగు కోసం మాత్రం మామోగ్రాం పనికిరాదు, క్యాప్సూల్ లోపలే ఆగిన చిరుగు అందులో కనిపించదు.

గరుకు పొర ఇంప్లాంట్ల కథ వేరుగా చెప్పాలి. నున్నటి రకం గట్టిపడుతోందని, జారుతోందని పొరని గరుకుగా చేశారు. కొంతవరకు ఫలించింది కూడా. కానీ 2011లో ఎఫ్‌డీఏ ఒక అరుదైన లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) గురించి హెచ్చరించింది. బీఐఏ-ఏఎల్‌సీఎల్ దాని పేరు. రొమ్ము క్యాన్సర్ కాదు, ఇంప్లాంటు చుట్టూ ఉన్న క్యాప్సూల్‌లో, ద్రవంలో పుడుతుంది. ఎక్కువగా గరుకు పొర ఉన్నవాళ్లలోనే, పెట్టించుకున్న చాలా ఏళ్లకి కనిపిస్తుంది. గుర్తు తేలికే: ఏళ్లు బాగున్న రొమ్ము కొద్ది రోజుల్లో ఒకవైపు ఉబ్బుతుంది. జరిగే తప్పు కూడా తేలికే: దెబ్బ తగిలిందేమో, ఇన్ఫెక్షనేమో అని నీరు తీసి, పారబోసి, యాంటీబయాటిక్ కోర్సు రాసి పంపేస్తారు. మళ్లీ ఉబ్బుతుంది. ఆపరేషన్ అయి ఏడాది దాటాక వచ్చిన నీరు ఏదైనా సరే ల్యాబుకి వెళ్లాలి. 50 మిల్లీలీటర్ల దాకా దొరికితే మంచిది, తాజాగా పంపాలి, సైటాలజీతో (కణాల పరీక్ష) పాటు ఈ లింఫోమాని పట్టించే సీడీ30 పరీక్ష అని రాయాలి. ఆ ఒక్క పదం చీటీ మీద లేకపోతే ల్యాబు వాళ్లు మామూలు నీరు లాగే చూసి ఇన్‌ఫ్లమేషన్ అని రాసేస్తారు. మొదట్లో దొరికితే ఇంప్లాంటు, క్యాప్సూల్ మొత్తం కలిపి తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది.

అలాగని గరుకు పొర ఉన్నవాళ్లంతా రేపే తీయించుకోవాలా? ఏ లక్షణమూ లేనివాళ్లు తీయించుకోనక్కర్లేదని వెనక్కి తీసుకున్న బయోసెల్ విషయంలో కూడా ఎఫ్‌డీఏ మాట. కొత్తగా పెట్టించుకునేవాళ్లు మాత్రం గరుకు పొర ఎందుకు కావాలో సర్జన్ నోట వినకుండా ఒప్పుకోవద్దు. 2022లో క్యాప్సూల్‌లో వచ్చే స్క్వామస్ సెల్ కార్సినోమా అనే మరో రకం క్యాన్సర్, వేరే లింఫోమాల గురించీ హెచ్చరిక వచ్చింది. అవి చాలా అరుదు, కానీ నున్నటి పొరవాళ్లలో కూడా కనిపించాయి. కాబట్టి వాపు, కొత్త గడ్డ, కొత్త నొప్పి ఏ రకం ఇంప్లాంటు వాళ్లయినా చూపించాల్సిందే.

అలసట, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, మతిమరుపు లాంటివాటికి కలిపి బ్రెస్ట్ ఇంప్లాంట్ ఇల్‌నెస్ అంటున్నారు. తేల్చే పరీక్ష ఏదీ లేదు. తీయించాక తేలికపడ్డామనేవాళ్లు ఉన్నారు, పడనివాళ్లూ ఉన్నారు. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ డి, కీళ్లవాతం పరీక్షలు చేయించుకుని అప్పుడు ఆలోచించడం తెలివైన పని.

రోజువారీ వాడకంలో చెప్పుకోవాల్సినవి తక్కువే. విమానంలో పేలవు, ఎయిర్‌పోర్టు మెటల్ డిటెక్టర్ మోగదు. ఈత కొట్టి వచ్చాకో, అమెరికా చలిలోనో రొమ్ము చల్లగా తగలడం మామూలు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. క్యాన్సర్‌కి రొమ్ము తీసేసి ఇంప్లాంటు పెట్టినచోట చర్మానికి స్పర్శ ఉండదు, ఉన్నా తక్కువ. భుజం నొప్పికో, జలుబుకో వేడినీళ్ల సంచితో కాపడం పెట్టుకుంటూ నిద్రపోతే బొబ్బలెక్కినా తెలియదు. ఆ చర్మం పలచనిది, కాలితే కింద ఇంప్లాంటు బయటపడేదాకా వెళ్తుంది. ఆ చోట కాపడం అసలే వద్దు.

వారంటీకి అయిదులో రెండు. జీవితకాలం అని అట్ట మీద పెద్దక్షరాలు ఉంటాయి. చిరిగితే కొత్త ఇంప్లాంటు ఉచితం, అంతవరకే. థియేటర్, మత్తు, సర్జన్ ఫీజు, గది ఖర్చు మీవే. కొన్ని పథకాల్లో కొన్నేళ్ల వరకు ఆపరేషన్‌కి కొంత సొమ్ము ఇస్తారు. మూడు, నాలుగు మెట్ల గట్టిపడటం కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. షరతులు దేశాన్ని బట్టి మారతాయి. సెలవులకి వచ్చి హైదరాబాదులో పెట్టించుకుని డాలస్ వెళ్లిపోయినవాళ్లు అక్కడ క్లెయిమ్ వేయొచ్చో లేదో ముందే రాతపూర్వకంగా అడగాలి.

ఇన్సూరెన్సులో మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపు స్పష్టంగా ఉంది: అందం కోసం చేసిన సర్జరీకి చెల్లించరు, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికి మినహాయింపు వర్తించదు. అందుకే క్యాన్సర్ తర్వాత పెట్టించుకున్నవాళ్ల డిశ్చార్జి సమ్మరీలో మాస్టెక్టమీ (రొమ్ము తీసేసే ఆపరేషన్) తర్వాతి పునర్నిర్మాణం అన్న మాట ఉండి తీరాలి. ఇంప్లాంట్ మార్పిడి అని మాత్రమే రాస్తే క్లెయిమ్ బల్ల మీద తిరుగుతూనే ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి 1998 నాటి చట్టం ఒకటి ఉంది. మాస్టెక్టమీకి చెల్లించే ప్లాన్లు పునర్నిర్మాణానికీ, రెండో రొమ్మును సరిసమానం చేయడానికీ, తర్వాత వచ్చే ఇబ్బందులకీ కూడా చెల్లించాలి.

తీయించేటప్పుడు ఎన్‌బ్లాక్ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది, ఇంప్లాంటుని క్యాప్సూల్‌తో సహా ఒకే ముద్దగా తీయడం. లింఫోమాకి అది అవసరం. మామూలుగా తీయించుకునేవాళ్లకి పలచటి క్యాప్సూల్ పక్కటెముకలకి అతుక్కుని ఉంటే దాన్ని గీకి తీయబోతే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది. ఎక్కువ డబ్బు తీసుకుని అదే మేలంటే ఎందుకని అడగండి. తీశాక చర్మం వదులవుతుంది, కొందరికి అప్పుడే లిఫ్ట్ (జారిన రొమ్మును పైకి లేపే ఆపరేషన్) కూడా చేయాల్సి వస్తుంది. దాని కొటేషన్ విడిగా తీసుకోండి.

ఆపరేషన్ ముందు రోజు సంతకాలు పెట్టేటప్పుడు రెండు మాటలు రాయించండి. తీసిన క్యాప్సూల్ పాథాలజీకి పంపాలని ఒకటి. తీసిన ఇంప్లాంటుని కుడి, ఎడమ అని గుర్తుపెట్టి, వెనక నంబరు కనిపించేలా ఫోటో తీసి, ఉంచాలని రెండోది. చెప్పకపోతే అది ఆ సాయంత్రానికే బయోమెడికల్ చెత్త సంచిలోకి వెళ్లిపోతుంది. వారంటీ క్లెయిమ్‌కి కంపెనీ మొట్టమొదట అడిగేది మాత్రం ఆ చిరిగిన సంచినే.